వజ్రాల చేలో పుస్తకాల పెట్టె

మల్లీశ్వరి తల వంచుకుని నడుస్తుంది. సిగ్గు వల్ల కాదు, ఆమెకు సిగ్గుపడే తీరిక లేదు. వజ్రకరూరు చుట్టుపక్కల పల్లెల్లో పుట్టినవాళ్ల చూపు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. తొలకరి పడి ఎర్రమట్టి కడుక్కుపోయిందంటే ఏ చేలో ఏ రాయి తళుక్కుమంటుందో ఎవరికెరుక? తల్లి నాగలక్ష్మమ్మ చంటిబిడ్డగా ఉన్న మల్లీశ్వరిని చంకన వేసుకుని మరీ వజ్రాలు వెతికింది. ఆ చంటిబిడ్డకు ఇప్పుడు నలభై దాటాయి. ఇన్నేళ్లలో తల్లీకూతుళ్లకు దొరికినవి గాజుపెంకులు, సోడాసీసాల గోళీలు, ఒకసారి ఎవరిదో ముక్కుపుడకలోంచి ఊడిన రాయి. అయినా ఆశ చావలేదు. ఏటా తొలివాన పడగానే మళ్లీ చేలో దిగుతూనే ఉంది.

ఆమె ఉద్యోగం మాత్రం ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో. పొద్దున తలుపు తీసి ఊడవడం, పేపర్లు పరచడం, పుస్తకాలిచ్చి రాసుకోవడం, మళ్లీ తలుపు వేయడం. పేరుకు కూర్చుని చేసే పనే గానీ, కుర్చీకీ ఆమెకూ పడదు. కాలుకాలిన పిల్లిలా ఆ గదిలో తిరుగుతూనే ఉంటుంది. రోజూ పేపరు చదవడానికొచ్చే ఈరన్న అనే పెద్దాయన "నువ్వు తిరుగుతాంటే నా కండ్ల ముందర అక్షరాలు గూడా తిరుగుతాండాయి తల్లీ" అని విసుక్కునేవాడు.

ఆ కుదురులేనితనమే ఈ ఎండాకాలం అక్కరకొచ్చింది. సెలవుల్లో పిల్లలకు కథల శిబిరం పెట్టమని పై ఆఫీసు నుంచి ఒక రేకుపెట్టె నిండా బొమ్మల పుస్తకాలు వచ్చాయి. అంతకుముందు పిల్లలెవరూ ఆ గదిలోకి తొంగిచూసిన పాపాన పోలేదు. అది పేపర్లు చదివే ముసలివాళ్లకూ, ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్లకూ రాసిచ్చిన చోటు. ఆడపిల్లలైతే గడప తొక్కడానికే జంకేవాళ్లు. మల్లీశ్వరి పేపర్లను వరండాలోకి గెంటి, లోపల చాపలు వేసింది. నడుస్తూ, గెంతుతూ, చేతులు తిప్పుతూ కథ చెప్పింది. ఎలుగుబంటి కథైతే తనే ఎలుగుబంటి. పిల్లలు విరగబడ్డారు. తల్లులు కూడా పిల్లల్ని పిలుచుకుపోయే వంకతో వచ్చి, గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ వినేవాళ్లు. పదో తరగతి పరీక్షలు రాసిన సరళ, చిన్నపిల్లలకు చదివి వినిపించే పని తనంతట తానే తీసుకుంది. గంగాధరప్ప అనే చిన్న రైతు కూతురు ఆ పిల్ల. మామూలుగా నోట్లోంచి మాట ఊడిపడాలంటే ముహూర్తం చూడాలి. పుస్తకం చేతికిస్తే మాత్రం గొంతు గంటలా మోగేది.

ఒకరోజు పై ఆఫీసు నుంచి సుజాత మేడం ఫోన్ చేసింది. ఇలాంటి పెట్టెలు తక్కువ, అడిగే ఊళ్లు ఎక్కువ. శనివారం తానే వచ్చి చూస్తానంది. పిల్లలు బాగా వస్తుంటే పెట్టె ఆ ఊరికే ఉండిపోతుంది, లేకపోతే తన జీపులోనే కణేకల్‌కు వెళ్లిపోతుంది.

"మీరేం అనుమానపడొద్దండి మేడం, గది పట్టకుండా వస్తాండారు," అంది మల్లీశ్వరి గొప్పగా.

శుక్రవారం సాయంత్రం ఆకాశం నల్లబడి, ఉరుములతో తొలకరి దంచికొట్టింది. ఊరంతా వాకిళ్లలోకి వచ్చి తడిసింది. మల్లీశ్వరీ తడిసింది. వానను చూసి సంతోషించాలో, మరునాటి సంగతి తలుచుకుని ఏడవాలో ఆమెకు తెలియలేదు.

శనివారం పొద్దున చాపలు వేసి చూస్తే ఒక్క పిల్ల లేదు. ఊళ్లో ఉంటే కదా రావడానికి! తెల్లవారకముందే సద్దిమూటలు కట్టుకుని ఇల్లిల్లూ చేల మీద పడింది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో జనం ఆటోల్లో వచ్చి దిగుతున్నారు. మోకాళ్ల నొప్పుల ఈరన్న ఒక్కడే వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు పోల్యా మల్లీశ్వరీ?"

"నేను పోతే ఈడెవరుండేది?"

"ఉండి ఏం జేస్తాండావు? నాకేమన్నా కథ జెప్తావా?"

ఆమెకు నవ్వు రాలేదు. పెట్టె పోతుందన్న దిగులు ఒకటైతే, పైకి చెప్పుకోలేని దురద ఇంకొకటి. బుద్ధి తెలిశాక తొలివాన మరునాడు ఆమె చేలో లేని ఏడాది లేదు. కిటికీలోంచి తడిమట్టి వాసన కొడుతోంది. తాను ఏటా వెతికే వంకగట్టున ఈపాటికి ఎవరో వంగి ఉంటారు. తన పేరు రాసిపెట్టి ఉన్న రాయి వాళ్ల వేలికి తగులుతూ ఉంటుంది. తాళం చేతిలోకి తీసుకుంది, మళ్లీ మేకుకు తగిలించింది. పుస్తకాలు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది. తన మీద తనకే ఒళ్లు మండింది. పిల్లలు రాలేదని తిట్టుకోవడానికి తనకు నోరెక్కడిది? తన మనసే ఆ గదిలో లేదు.

అంతలో వీధిలో గోల వినిపించింది. సరళ బురదకాళ్లతో పరుగెత్తుకుంటూ వస్తోంది. ఆ పిల్ల వెనక తండ్రి, తండ్రి వెనక సగం ఊరు, ఊరి వెనక ముక్కూమొహం తెలియని జనం.

సంగతేమిటంటే, వజ్రాల చేలో రాయి దొరికినవాడు అరవడు. కొంగులోనో పంచెలోనో ముడేసుకుని గమ్మున ఇంటిదారి పడతాడు. అందుకే వెతికేవాళ్లు ఒక కన్ను నేల మీద, ఇంకో కన్ను పక్కవాడి మీద పెట్టి ఉంచుతారు. ఆ పొద్దు సరళ ఎవరికీ చెప్పకుండా లేచింది. చున్నీలో దేన్నో పొదువుకుని ఊరివైపు నడిచింది, తర్వాత పరుగందుకుంది. అది చాలదూ? చేనుచేనంతా ఆ పిల్ల వెంటపడింది.

సరళ గ్రంథాలయంలోకి దూరి గోడకు ఆనుకుంది. ఆమె వెనకే జనం గదిలోకి తోసుకొచ్చారు. పట్టనివాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడారు.

"ఏం దొరికినాదో చూపించు సరళా," అన్నాడు గంగాధరప్ప. అప్పటికే ఆ రాయితో మనసులో బోరు వేయించి, మిద్దె కట్టించి ఉంటాడు పాపం.

"ఏం దొరకల్యా నాయనా."

"దొరకందానివి యాలప్పా అట్ల పరిగెత్తినావు?"

సరళ చున్నీ విప్పింది. లోపల పుస్తకం. నడిసముద్రంలో దీపస్తంభం మీద తండ్రితో ఉండే ఒక పిల్ల కథ. అట్ట మీద నీళ్లే నీళ్లు.

"ఈ పొద్దు మేడమొస్తాదంట నాయనా. చదివేది నేనే గదా. పోకపోతే ఎట్లా?" అంది సరళ.

గుంపులోంచి ఎవరో "కొండను తవ్వి ఎలుకను పట్టినట్లాయె" అన్నారు. జనం భళ్లున నవ్వారు. గంగాధరప్ప నవ్వలేదు. చెయ్యెత్తాడు, పుస్తకాన్ని చూశాడు, చెయ్యి దించేశాడు. కూతురి మీద కోపం కంటే, కళ్ల ముందు కట్టిన మిద్దె కూలిపోయిన బాధే అతనికి ఎక్కువగా ఉంది.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. సుజాత మేడం దిగి చూస్తే గ్రంథాలయం లోపలా బయటా ఇసుక వేస్తే రాలనంత జనం. పిల్లలు, తల్లులు, తాతలు, చంకల్లో చంటివాళ్లు.

"ఏమండీ, తిరునాళ్లలా ఉందే!" అంది మేడం, ఫోన్ పైకెత్తి ఫోటోలు తీస్తూ.

అవును మేడం అంటే చాలు, పెట్టె దక్కేది. ఆ మాట మల్లీశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పొద్దు వృథా అవుతోందని జనానికి గుర్తొచ్చింది. వచ్చినంత వేగంగా వెనక్కు మళ్లారు, అందరికంటే ముందు పిల్లలు. ఆమె నోరు తెరిచేలోపు గదిలో బురద అడుగులు, సరళ, వరండాలో ఈరన్న మిగిలారు. జరిగిందంతా ఈరన్న దాపరికం లేకుండా మేడంకు చెప్పేశాడు.

మేడం ముందు నవ్వింది, తర్వాత నిట్టూర్చింది. చెడ్డ మనిషి కాదు. "నాకూ బాధగానే ఉందమ్మా. వీళ్లు వాన కాలమంతా చేలల్లోనే ఉంటారు కదా. కణేకల్‌లో పిల్లలు పెట్టె కోసం ఎదురుచూస్తున్నారు. జీపులో పెట్టించండి."

సరళ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఇంత జనం నవ్వినా పుస్తకం వదలని పిల్ల, ఇప్పుడు ఏడుస్తోంది. ఎన్నడూ ఒకచోట కూర్చోలేని మల్లీశ్వరి పోయి ఆ రేకుపెట్టె మీద కూర్చుంది.

"పిల్లోళ్లు ఈడికి రాకపోతే నేనే ఆడికి పోతా మేడం. పెట్టె ఎత్తుకొని చేలోకే పోతా."

"మరి గ్రంథాలయం ఎవరు చూస్తారు?"

"నేనుండా," అన్నాడు ఈరన్న వరండాలోంచి. "ఎట్లా కదల్లేను గదా."

మేడం చివరికి వారం గడువిచ్చింది. రోజూ ఫోటోలు పంపాలనీ, వాటిలో పిల్లలు కనబడాలనీ, వాళ్ల చేతుల్లో పుస్తకాలు కూడా ఉండాలనీ చెప్పి వెళ్లింది.

మల్లీశ్వరి ఎంత త్యాగమూర్తో అనుకునేరు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. పెట్టె నిలుస్తుంది, తొలకరి చేలో కాలూ పడుతుంది. మోపెడ్ వెనక పెట్టె కట్టుకుని పోతూ దారిపొడుగునా ఆమె గట్టు పక్కల చూస్తూనే ఉంది.

మొదటిరోజు ఒక్కరూ దగ్గరికి రాలేదు. పెట్టె తెరవగానే ఒక పెద్దమనిషి "కథలు కడుపు నింపుతాయా? పక్కకు జరుగు, నువ్వు నిలబడిన చోట ఇంకా చూడల్యా" అన్నాడు. చేను గలాయన వచ్చి, విత్తనం వేసే నేలను తొక్కి పాడుచేస్తున్నారని అందరితో పాటు ఆమెనూ తిట్టిపోశాడు. ఫోటోలో సరళ ఒక్కతే వచ్చింది. మల్లీశ్వరి పెట్టెకూ గట్టుకూ మధ్య తిరిగి తిరిగి, అటు కథా చెప్పలేక, ఇటు రాయీ వెతకలేక ఉక్కిరిబిక్కిరైంది.

రెండోరోజు ఎండ పేలిపోయింది. మధ్యాహ్నానికి జనం చింతచెట్టు నీడకు చేరి సద్దులు విప్పారు. పొద్దుటి నుంచి నేల చూసి చూసి విసిగిన పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మల్లీశ్వరి ఇదే అదను అనుకుంది. మబ్బును వెతుక్కుంటూ బయల్దేరిన తాబేలు కథ తీసి, తానే తాబేలై నడుం వంచి నడిచింది. ఒకడు ఏడుపు ఆపాడు. ఇంకొకతె చేతిలో సంగటిముద్దతోనే లేచి వచ్చింది. చూస్తుండగానే చెట్టు కింద గుంపు కట్టారు. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక అవ్వ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, "గట్టిగా చెప్పమ్మా, నాకు వినపడల్యా" అంది. గంగాధరప్ప కూడా దూరంగా కూర్చుని, వినడం లేదన్నట్టు బీడీ వెలిగించాడు.

తాబేలు కొండ ఎక్కుతున్న చోట మల్లీశ్వరి చూపు నేల మీద పడింది. ముందు వరసలో కూర్చున్న పాప మడమ పక్కన, ఎండిన మట్టిలోంచి ఏదో తళుక్కుమంది. గాజుపెంకు మెరుపు ఆమెకు తెలుసు. ఇది ఆ మెరుపు కాదు. ఇప్పుడు వంగిందంటే పిల్లలు ఇట్టే పసిగడతారు, వజ్రాల ఊరి పిల్లలు. చేనంతా ఆ చోట విరుచుకుపడుతుంది. కథా ఉండదు, పెట్టె మీద మూతా ఉండదు. అయిపోగానే తీసుకుందామనుకుని, ఒక కన్ను ఆ మెరుపు మీద ఉంచి, రెండు పేజీలు కలిపి తిప్పేసింది.

"అక్కా, ఒక బొమ్మ చూపియ్యల్యా," అంది ఆ పాపే. "ఎగ్గొట్టినావు!"

"తాబేలు కొండ మిందనే ఉండాది గదా, అప్పుడే ఎట్లా దిగిపాయె?" అని మిగతావాళ్లూ అందుకున్నారు. అవ్వ కూడా తల ఊపింది. సరళ ఆమె వైపు వింతగా చూసింది.

మల్లీశ్వరి పేజీ వెనక్కు తిప్పింది. తాబేలును కొండ ఎక్కించింది, బొమ్మ చుట్టూ తిప్పి చూపించింది, మబ్బుతో మాట్లాడించింది, తీరిగ్గా దించింది. అంత నెమ్మదిగా ఏ కథా ఆమె జన్మలో చెప్పలేదు. అయిపోగానే పిల్లలంతా ఒక్కసారి లేచి పెట్టె మీద పడ్డారు. నాకంటే నాకని పుస్తకాలు లాక్కుంటూ, ఆ నేలంతా తొక్కి పొడి చేశారు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి కెలికింది. పాప కూర్చున్న చోటు ఏదో కూడా తెలియలేదు. ఏడుపొస్తోంది. ఫోటో తీయాలన్న సంగతి సరళ గుర్తుచేసి, తనే తీసింది.

"రేపు గూడా ఈ చెట్టు కిందనేనా అక్కా?" పుస్తకం చంకలో పెట్టుకుని పాప అడిగింది.

"ఈడనే," అంది మల్లీశ్వరి, నేల మీంచి కళ్లెత్తకుండా. "మీరు రాండి సాలు. నేను మీకంటే ముందరే వచ్చుంటా."