గ్రీకు రచయిత మెడ దగ్గర రాయి పలకలేదు

1999లో నేను సిడ్నీలో ఒక మ్యూజియంలో బరువులు ఎత్తే పనిలో ఉన్నాను. మాది ఆళ్లగడ్డ. అయిదో తరగతితో బడి మానేసి ఉలి పట్టినవాణ్ణి. సిడ్నీలో ఒక గుడికి స్తంభాలు చెక్కడానికి వచ్చి, ఆ పని అయిపోయాక మ్యూజియంలో చేరాను. ఇట్లా కూర్చుని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ ఏడాది చలికాలంలో మా దగ్గరికి ఒక పాలరాతి విగ్రహం వచ్చింది. తల, మెడ, ఛాతీ, అంతే. ఎప్పటివాడో ఒక గ్రీకు నాటక రచయిత ముఖమట. ఆయన పోయిన కొన్ని వందల ఏళ్లకు రోమ్ శిల్పులు చెక్కారట. గడ్డం వెంట్రుకల మధ్య బరమాతో వేసిన సన్నటి బెజ్జాలు కనిపించగానే నాకు ఒళ్లు పులకరించింది. మా నాయన కూడా విగ్రహాల జుట్టుకు అట్లాగే బెజ్జాలు వేసేవాడు.

మ్యూజియానికి ఏది వచ్చినా దానికి కండిషన్ రిపోర్ట్ ఉంటుంది. ఎక్కడ విరిగింది, ఎక్కడ అతికారు అన్నీ అందులో రాస్తారు. ఈ విగ్రహంతో వచ్చిన పాత రిపోర్టులో మెడా ఛాతీ ఒకే రాయి, పగుళ్లు లేవు అని ఉంది. అది నమ్మి, గడ్డం కింద మెడ చుట్టూ మెత్తటి పట్టీ వేసి, చిన్న క్రేన్‌తో ఎత్తి దిమ్మె మీద పెట్టాలనుకున్నారు.

పట్టీ సర్దుతూ నేను వేలి కణుపుతో నుదుటి మీద తట్టాను. మా వాళ్లు ఎవరూ రాయిని తట్టి వినకుండా ఎత్తరు. చేయి దానంతట అదే పోయింది. నుదురు గంటలా పలికింది. ఛాతీ పలికింది. మెడ దగ్గర మాత్రం ఓటికుండ చప్పుడు.

"చేయి తియ్యి," అంది హెలెన్ ఇంగ్లీషులో. ఆమె కన్సర్వేటర్, అంటే పాత వస్తువులకు డాక్టరు లాంటిది. అక్కడ విగ్రహాన్ని తట్టడమంటే ఆసుపత్రిలో రోగిని కొట్టినట్టే. "బయటికి వెళ్లు. సోమవారం మాట్లాడదాం."

సోమవారం అంటే ఉద్యోగం పోయినట్టే.

"నో లిఫ్ట్. నెక్ బ్యాడ్," అన్నాను. నాకున్న ఇంగ్లీషు అంతే. ఆమె తలుపు చూపించింది. క్రేన్ మనిషి చేయి మీట మీద ఉంది.

పరిగెత్తాను. వరండా చివరి గదిలో నంద్యాల సలీం ఉన్నాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయని, మా మ్యూజియం జాబితా సరిచేయడానికి వచ్చిన ప్రోగ్రామర్.

"సలీమూ, జప్పున రా. తల ఊడిపోతాది."

"ఎవరి తలన్నా?"

"రాతి తల. లెయ్యి."

మేం వచ్చేసరికి ఇంకా ఎత్తలేదు. మెడ లోపల పగిలి ఉందని నేనంటే సలీం ఆమెకు చెప్పాడు. ఆమె ఏదో అడిగింది.

"నీకెట్లా తెలుసంటాంది అన్నా."

"చెవితో అని చెప్పు. తననూ వినమను."

"చెప్తాలే. ఉద్యోగం ఊడితే మాత్రం నన్ను తిట్టగాకు."

హెలెన్ విగ్రహం దగ్గరికి వచ్చింది. క్రేన్ మనిషికి ఆగమని చేయి చూపించింది. సన్నటి చెక్కపుల్ల తీసుకుని, చెవి దగ్గరగా పెట్టి నుదుటి మీద తట్టింది. తర్వాత మెడ మీద. మళ్లీ మెడ మీద. అప్పుడు పుల్ల నా చేతికిచ్చింది. మెడ చుట్టూ తట్టి, ఓటిగా పలికే చోటు చూపించాను.

మధ్యాహ్నానికి ఎక్స్‌రే తీశారు. మెడ లోపల బొటనవేలంత ఇనుప కడ్డీ తెల్లగా కనిపించింది. ఎప్పుడో విరిగిన తలను ఎవరో కడ్డీతో అతికి, పైన పాలరాతి పొడి పూసి దాచారు. కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, రాయిని లోపల్లోపలే చీల్చింది. పట్టీతో ఎత్తి ఉంటే ఛాతీ ఊడి నేల మీద ముక్కలయ్యేది. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ నవ్వు ఆగలేదు.

"చూడన్నా," అన్నాడు సలీం, "నా కంప్యూటర్లు రెండువేలు దాటలేవని లోకమంతా భయపడతాంటే, ఈయప్ప ఇరిగిన మెడతో ఇన్ని వందల ఏండ్లు దాటొచ్చినాడు."

హెలెన్ కొత్త రిపోర్ట్ రాసింది. పరీక్షించినవారు అన్న చోట తన పేరు కింద నా పేరు కూడా రాసి, సలీంతో ఒక మాట చెప్పింది.

"ఇంకోసారి అడక్కుండా తట్టొద్దంట. అడిగితే తట్టనిస్తాదంట."

సోమవారం నిజంగానే పిలిచింది. బల్ల మీద ఇంకో మూడు రాతి తలలున్నాయి. పుల్ల నా వైపు జరిపింది.

ఆ రోజు నుంచి ఒకటి పట్టుకున్నాను. మనకు తెలిసింది చెప్పడానికి మాట చాలకపోతే, మాట వచ్చినవాణ్ణి లాక్కొచ్చి అయినా చెప్పించాలి. అదీ ఎత్తేలోపే. ఆ రచయిత రాసిన నాటకం ఒక్కటి కూడా నేను చదవలేదు. ఆయన మెడ మాత్రం నా అంత బాగా విన్నవాడు లేడు.