గ్రాము బంగారం

పాపను బడి మాన్పించి, నరసరావుపేటలోని మా ఇంట్లో మేమే చదువు చెప్పుకుంటున్నాం. దాచిన డబ్బు విలువ ఏటేటా ఎలా తరిగిపోతుందో బియ్యం, నూనె ధరలు చూపించి నేనే నేర్పాను. అది విని, పుట్టినరోజులకు వచ్చిన డబ్బంతా పోగేసి తను ఒక గ్రాము బంగారు బిళ్ళ కొనుక్కుంది.

రెండేళ్ల కిందట మా మిర్చి చేనుకు తెగులు తగిలింది. మందులకు చేతిలో డబ్బు లేక, పాపను అడగకుండానే ఆ బిళ్ళ అమ్మేశాను. సాయంత్రం సంగతి చెబితే సరేనని తలూపింది.

మొన్న పంట అమ్మిన రోజు, అప్పుడు బిళ్ళకు వచ్చినంత డబ్బూ తన చేతిలో పెట్టాను.

"నాన్నా, నువ్వు తీసుకుంది గ్రాము బంగారం గదా? ఇప్పుడు దీంతో అరగ్రామే వస్తది," అంది. గొంతులో కోపం లేదు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"పిల్లకు చెప్పిన పాఠం నీకెక్కలేదా ఏంది?" అంది నా భార్య.

మర్నాడు నేను కొత్త ఫోను కోసం దాచుకున్న డబ్బు కలిపి గ్రాము బిళ్ళే తెచ్చిచ్చాను. పాప దాన్ని అందుకుని, "ఈసారి అవసరమైతే నన్నడుగు నాన్నా, ఇస్తాను," అంది.

అడిగి ఉంటే అప్పుడూ ఇచ్చేదే.