బఠానీలు ఎండబోసిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చి, మెడకు టై కట్టి వదిలేసరికి, లోకంలో మిగిలిన వాళ్లందరి మీదా జాలి పుట్టుకొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలి. డిగ్రీ అయ్యాక నంద్యాలలో నా మొదటి ఉద్యోగం, గడ్డకట్టించిన కూరగాయల పొట్లాలను హోటళ్లకూ దుకాణాలకూ అమ్మడం. శిక్షణలో నా తలకెక్కింది ఒక్కటే. కాయ తెంపినప్పటి నుంచి అందులోని సి విటమిన్ తరుగుతూ పోతుంది. తెంపిన కొన్ని గంటల్లోనే ఉడుకునీళ్లలో ముంచి గడ్డకట్టిస్తే ఆ తరుగుదల చాలావరకు ఆగుతుంది. కాబట్టి రోజుల తరబడి లారీలో, గోనెసంచిలో నలిగి వచ్చిన 'తాజా' కూరగాయ కన్నా మా పొట్లమే మేలు. ఇందులో అబద్ధం లేదు. ఈ మాటను నేను ఎవరి ముందు వాడానన్నదే నా తప్పు.

మా మేనత్తది ఆళ్లగడ్డ. దొర్నిపాడు దారిలో అరెకరం కూరగాయల మడి ఉండేది. నా డిగ్రీ అయ్యేదాకా నన్ను తన ఇంట్లో పెట్టుకుని సాకింది. ఏటా చర్చిలో కోత పండుగనాడు జరిగే విందుకు కూర అత్తదే. వంకాయలు, మటిక్కాయలు (గోరుచిక్కుళ్లను మా వైపు అట్లాగే అంటాం) ఆ పొద్దున్నే కోసి తెచ్చి, ఆరాధన మొదలయ్యేలోగా తరిగి, పెద్ద గుండిగలో పొయ్యి మీదికి ఎక్కించేది. గరిటె ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. భర్త పోయి, పిల్లలు లేని ఆమెను ఊరంతా పేరుపెట్టి వెతుక్కునే రోజు ఏడాదికి అదొక్కటే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను. నేరుగా చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్లి, "ఈసారి తరుగుడు పనే లేదయ్యగారూ, మా ఆఫీసు వాళ్లు ప్రచారానికని ఉచితంగా ఇస్తారు" అన్నాను. అయ్యగారు సంతోషంగా ఒప్పుకున్నారు.

ఆ మాట అత్త చెవిన పడింది. తరువాత నేను ఆమె ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద నలుగురు ఆడవాళ్లున్నారు.

"నా కాయలకేం రోగమొచ్చిందప్పా?"

"రోగం కాదత్తా. కోసినప్పట్నుంచి కాయలో బలం తగ్గిపోతాంటాది. సైన్సు."

"నేను కోసిన రొండు గంటలకు కూరైపోతాంది. ఆలోపల బలం యాడికి పోతాది? బస్సెక్కి నంద్యాలకు పోతాదా? నీ పొట్లంలోది కోసి ఎన్నాళ్లాయ?"

"ఆర్నెల్లు. కానీ అది నిద్రపోతాంటాది."

"అయితే లేపొద్దులే, పాపం."

అరుగంతా నవ్వింది. ఆ నవ్వుతో నాకు పౌరుషం పొడుచుకొచ్చి, "ఈసారికి నువ్వు ఊరికే కూర్చోని తిను" అన్నాను. పైకి మర్యాదగానే ఉన్న ఆ మాటకు ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. "సరేలే అప్పా" అని లోపలికి వెళ్లింది.

పండుగ ఆదివారం పొద్దున ఆఫీసు నుంచి వచ్చిన పెట్టెలు తెరిస్తే బీన్సు, క్యారెట్టు, బఠానీలు ఇటుకల్లాగా అతుక్కుని ఉన్నాయి. అట్లాగే నేరుగా పాత్రలో వెయ్యాలని శిక్షణలో చెప్పారు. కానీ మా వైపు తడి కనబడితే ఎండకు పోయడమే మాకు తెలిసిన విద్య, మిరపకాయలైనా, వడియాలైనా, వరుగులైనా. చర్చి మిద్దె మీద చాప పరిచి అన్నీ పోసి, అరగంటలో వద్దామని కిందికి దిగాను. ఆ రోజు అయ్యగారు రెండు గంటలు ప్రసంగించారు. టై కట్టుకుని ముందు వరుసలో కూర్చున్న నేను లేవలేకపోయాను. చివరికి మిద్దెక్కి చూస్తే బీన్సు తడిసిన దారాల్లాగా వాలిపోయాయి, బఠానీల దగ్గర కాకులు చేరాయి (పోషక విలువల విషయంలో నన్ను పూర్తిగా నమ్మింది అవే). మిగిలినదాన్ని, వంటకు ఒప్పుకున్న మామ ఒకాయన వంకాయలను ఉడికించినంతసేపు ఉడికించాడు. ముందే సగం ఉడికించి గడ్డకట్టించిన సరుకు అది. గుండిగలో పచ్చటి బురద మిగిలింది.

"ఏందప్పా ఇది, కూరనా గంజా?" అని ఒకరు. "ఆయమ్మ కూర యాడ?" అని ఇంకొకరు. ఆయమ్మ వరుసలోనే ఉంది. మంచి చీర కట్టుకుని, చేసే పని లేక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను బకెట్టు పట్టుకుని ఆమె దాకా వచ్చాను. వేసింది కలుపుకుని తినింది. పక్కవాళ్లు ఆకు చివరికి తోసేయడం చూసి, "మా పిల్లోడు తెచ్చినాడు. ఏం, గొంతు దిగదా? తినండి" అని గదమాయించింది. నా వైపు తిరిగి, "ఇంకో గరిటె ఎయ్యి" అంది. క్షమించమని అడగాల్సిన చోట నేను, "ఉప్పు సరిపోయిందా అత్తా?" అన్నాను.

మరుసటి ఏడు గరిటె మళ్లీ ఆమె చేతికి వస్తుందనుకున్నాను. కానీ తరుగుడు పని లేని సుఖం మరిగిన పెద్దలు నంద్యాల వంటవాళ్లకు గుత్తకిచ్చారు. అంతే, తిరిగి రాలేదు. తరువాత అత్త మడి కౌలుకిచ్చేసింది. నేనిప్పుడు నంద్యాలలో చిన్న కొట్టు నడుపుతున్నాను, మూలన గడ్డకట్టిన బఠానీల పెట్టె ఉంది. ఎవరైనా అడిగితే, "ఈ పొద్దు కోసినవి దొరికితే అవి కొనండి, లేకుంటే ఇవీ మంచివే" అంటాను. నేను వ్యాపారానికి పనికిరానని నా భార్య తీర్మానించింది. ఎప్పుడన్నా ఆ వంకాయ కూర చెయ్యమని అత్తను అడిగితే చేస్తుంది, కానీ ఆ రుచి రాదు. "ఇద్దరికి చేయాలంటే నాకు చెయ్యి రాదప్పా" అంటుంది.

పోయిన ఏడు కోత పండుగకు ఆమె పక్కనే కూర్చున్నాను. "ఆ పొద్దు నేను చేసింది తప్పత్తా" అన్నాను, ఇన్నేళ్లకు.

"ఏ పొద్దు?" అంది నా వైపు చూడకుండా. ఇంతలో వంటవాళ్లు కూర వేసి పోయారు. ఆమె ఒక ముద్ద తిని, నా చెవి దగ్గరికి వంగి, "దీనికన్నా నువ్వు ఎండబోసిందే నయం కదరా" అంది.

ఇద్దరం నవ్వాం. నవ్వి, ఆమె ఆకులోని కూరంతా నా ఆకులోకి తీసుకుని తినేశాను. టై లేని ఈ వయసులో నాకు చేతనైంది అంతే.