అమ్మ ఎత్తు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటి కూడా కనిపించేది కాదు. అమ్మ పోయిన వారంలోనే నాన్న అన్నీ ఒక సూట్‌కేసులో సర్ది గరాజ్‌లో పై అరలోకి ఎక్కించేశారు. నాన్న గుండె డాక్టరు. బ్రిస్బేన్‌లో అందరి గుండెలూ చూసేవారు, తన గుండె జోలికి మాత్రం పోయేవారు కాదు. అమ్మ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవారు.

నాకప్పుడు ఏడేళ్లు. మదర్స్ డేకి స్కూల్లో కార్డు చేయమన్నారు. కళ్లు మూసుకుని చూస్తే అమ్మ ముఖం రాలేదు. చీర రంగు వచ్చింది, గాజుల చప్పుడు వచ్చింది, ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. తల్లి ముఖం మర్చిపోయే పిల్ల ఎక్కడైనా ఉంటుందా అనుకుని వణికిపోయాను. ఆ తర్వాత పెరట్లోకి వెళ్లడమే మానేశాను. అక్కడ ఇనప స్తంభం మీద గొడుగులా విచ్చుకునే బట్టల తీగ ఒకటి ఉండేది. గాలికి అది కిర్రుమని తిరిగినప్పుడల్లా ఎవరో నిలబడి బట్టలు ఆరేస్తున్నట్టు ఉండేది. ఆ మనిషి ఇటు తిరిగితే ముఖం ఉండదేమోనని నా భయం.

ఆ చలికాలం సెలవుల్లో సిడ్నీ నుంచి మా మావయ్య వచ్చాడు. అమ్మకు స్వయానా తమ్ముడు. వారమంతా యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, శని ఆదివారాలు నీటిరంగుల బొమ్మలు వేసేవాడు. వాటిని కొన్నవాళ్లు తక్కువ, ఊరికే ఇస్తే పుచ్చుకుని బీరువా వెనక పెట్టినవాళ్లు ఎక్కువ. నా భయం సంగతి అతనికే చెప్పాను, సగం ఇంగ్లీషులో.

మావయ్య ఓదార్చలేదు. నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి, తీగకు ఎదురుగా కూర్చోబెట్టి, చెక్క మీద కాగితం బిగించి ఇచ్చాడు. అమ్మను వేయొద్దన్నాడు. అమ్మ నిలబడే చోటు వదిలేసి చుట్టూ ఉన్నవన్నీ వేయమన్నాడు. కంచె, నిమ్మచెట్టు, ఆరేసిన పువ్వుల దుప్పటి.

"బట్ వాట్ అబౌట్ అమ్మ?" అన్నాను.

"మన పెట్టెలో తెల్లరంగు లేదురా. కాగితమే తెలుపు. ఒకసారి రంగు పడిందంటే మళ్లీ రాదు. అమ్మని జాగ్రత్తగా చూసుకుంటూ వెయ్."

అతను చోటు చూపిస్తుంటే సాయంత్రం దాకా వేశాను. రంగులు ఆరేకొద్దీ దుప్పటికీ కంచెకీ మధ్య ఒక తెల్లటి మనిషి తేలింది. చేతులు తీగ మీదికి చాచి, మాకు వీపు పెట్టి నిలబడింది. నాకు ఒళ్లు జలదరించింది. లేచి పరుగెత్తేదాన్నే, కానీ పక్కన మావయ్య కళ్లు తుడుచుకుంటున్నాడు.

అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన నాన్న కారు తాళాలు చేతిలో పట్టుకుని పెరట్లోకి వచ్చారు. మావయ్య బొమ్మ దాచలేదు. నాన్న ఎప్పటిలా వెళ్లిపోతారనుకున్నాను. ఆయన చాలాసేపు చూశారు.

"మీ అమ్మ అంత పొడుగు కాదమ్మా," అన్నారు. "తీగ అందేది కాదు. హ్యాండిల్ తిప్పి కిందికి దించుకోవే అంటే వినేది కాదు. పాల క్రేటు బోర్లించి ఎక్కేది. పడిచస్తావే అని రోజూ అరిచేవాణ్ణి."

అమ్మ పోయాక ఆమె గురించి ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. మావయ్య కుంచె ఆయన చేతిలో పెట్టాడు. నాన్న వంగి, ఆ తెల్లటి మనిషి కాళ్ల దగ్గర వంకరటింకరగా ఒక ఎర్ర క్రేటు వేశారు. ఆ మేరకు అమ్మ పొట్టిదైంది. ఆ పూట భోజనాల దగ్గర ఆయన అమ్మ గురించి చెబుతూనే ఉన్నారు, అన్నం చల్లారిపోయింది.

ఆ నీటిరంగులే తర్వాత నా బతుకుదెరువయ్యాయి. ఇప్పుడు నేనుండే సిడ్నీలో, హారిస్ పార్క్ మిఠాయి కొట్లోనూ, ద పాండ్స్ పేటలో కొత్త ఇళ్ల గోడల మీదా నా బొమ్మలున్నాయి. ప్రతి బొమ్మలో ఎక్కడో కాస్త చోటు తెల్లగా వదిలేస్తాను. "ఆంటీ, ఈ బిట్ ఫినిష్ చెయ్యలేదా?" అని కొనడానికి వచ్చిన కుర్రవాళ్లు అడుగుతారు. అక్కడ మనిషి ఉందమ్మా అంటే నవ్వేసి ఊరుకుంటారు.

అమ్మ ఫోటోలు నాన్న క్రేటు వేసిన ఏడే గోడెక్కాయి. వాటిలోని ముఖం నాకు ఫోటోగానే తెలుసు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ముఖం రాదు. గాలి రోజున మా పెరట్లో తీగ కిర్రుమంటే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది. కానీ లోపలికి పారిపోను. వెళ్లి పక్కన నిలబడతాను. క్రేటు దిగితే అమ్మ నా భుజం దాకా వస్తుంది.