అన్న నేర్పిన బగావత్

పత్తర్‌గట్టిలోని చీరల దుకాణంలో నేను పనిచేసిన రోజుల్లో మాకెవరికీ కూర్చునే వీలు లేదు. షట్టర్ లేచింది మొదలు దించేదాకా కౌంటర్ వెనక నిలబడాల్సిందే. గిరాకీ లేకపోయినా అంతే. అది సేఠ్ ఆర్డర్.

మాలో పాతమనిషిని అందరం అన్నా అని పిలిచేవాళ్ళం. కొత్తలో నాకు చీర మడత పెట్టడం నేర్పింది ఆయనే. ఒకసారి నాకు జ్వరం వస్తే సేఠ్ కంట పడకుండా నా కౌంటర్ కూడా తానే చూసుకున్నాడు. అందుకే ఆయన మాటంటే నాకు గురి.

రంజాన్ గిరాకీలో ఒక పొద్దున, మాతో పనిచేసే నిండు గర్భిణి కాళ్ళు వాచి చీరల మూట మీద కూలబడింది. సేఠ్ చూశాడు.

"కూసోవాలంటే ఇంట్ల కూసో" అన్నాడు అందరి ముందే. ఆమె కళ్ళు తుడుచుకుంటూ లేచింది.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అన్న గొంతు తగ్గించి మా అందరితో, "రేపు అందరం ఒక్కపారే కూసుందాం. ఎంతమందిని తీసేస్తడు? బగావత్ చేద్దాం" అన్నాడు.

"బగావత్ అంటే కొట్లాటనా అన్నా?"

"కొట్లాట కాదు చెల్లె. తిట్టుడు లేదు, చెయ్యి లేపుడు లేదు. పెద్దోడు చెప్పింది తప్పైతే మేం చెయ్యం అనుడే. సేఠ్ నిలబడుమంటే కూసునుడు గూడ బగావతే."

అప్పటిదాకా అది రాజుల మీద తిరగబడే సైన్యాల మాట అనుకున్నాను. నాలాంటిదానిక్కూడా పనికొచ్చే మాటని తెలిసి గర్వంగా అనిపించింది.

మర్నాడు సేఠ్ లోపలికి రాగానే అన్న కనుసైగ చేశాడు. పై అరల్లోని చీరలు తీసే స్టూలు లాక్కుని కూర్చున్నాను. పక్కకి చూస్తే ఒక్కరూ కూర్చోలేదు. గర్భిణి తల వంచుకుని చీర మడుస్తోంది.

"ఏంది గిది?" అన్నాడు సేఠ్.

నేను అన్న వైపు చూశాను. ఆయన నోరు విప్పాడు.

"నిన్నటి సంది గిదే లొల్లి సేఠ్. మస్తు చెప్పిన, ఇనలే. బగావత్ చేస్తదంట."

మాట అదే, నోరూ అదే. నిన్న న్యాయంలా వినిపించింది ఇవాళ నేరమైంది. సేఠ్ వెళ్ళిపొమ్మంటే నా సంచీ తీసుకుని బయటికొచ్చాను. గడప దాకా కూడా ఎవరూ రాలేదు.

తర్వాత దబీర్‌పురాలో ఒక మందుల దుకాణంలో చేరాను. కొన్ని నెలలకి అన్న కాళ్ళనొప్పి మాత్రల కోసం వచ్చి, నన్ను చూసి తడబడ్డాడు.

"మనం కూసుంటమని సేఠ్‌కు ముందే ఎవరో చెప్పిన్రు చెల్లె. నా నౌకరి పోతుండె. పిల్లలున్నరు, ఏం చెయ్యాలె?"

"నువ్వు కూసోకున్నా నాకేం బాధ లేకుండె. భయం అందరికుంటది. మరి సైగ ఎందుకు చేసినవ్?"

ఆయన జేబులోంచి డబ్బులు తీసి లెక్కపెట్టసాగాడు. మాత్రలిచ్చి, తిన్నాకే వేసుకోమని చెప్పాను. కుంటుకుంటూ మెట్లు దిగుతుంటే జాలేసింది. జాలిపడ్డందుకు నా మీద నాకే కోపమొచ్చి, ఆయన వెనక వరసలో ఉన్న గిరాకీని గట్టిగా పిలిచాను.