తెలియని మందు ఇవ్వనన్న అక్కయ్య

పిస్కాటవేలో ఒకప్పుడు మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండే అక్కయ్య మొన్న మంగళవారం గుండెపోటుతో కన్నుమూశారని ఫోన్ వచ్చింది. ఆవిడ నాకు చుట్టం కాదు. ఈ దేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లో మెట్ల మీద తెలుగు వినబడితే అక్కయ్యా అని పిలిచాను. ఆ పిలుపే ఉండిపోయింది.

ఎనభైల మధ్యలో నా భార్యకు బ్లడ్ కాన్సర్ వచ్చింది. ఇచ్చే మందుల్లో ఒకటి బిళ్ళగన్నేరు నుంచి తీసిందని అక్కయ్యే చెప్పారు. "అయ్యో, మా ఇంట్లో అవి మొలిస్తే పీకి పారేసేదాన్ని!" అని నా భార్య నవ్వింది. ఆ మందుకు తన వేళ్ళు మొద్దుబారాయి. స్వెటర్ బొత్తాలు పెట్టుకోలేకపోయేది. హాస్పిటల్‌కు బయలుదేరే ముందు అక్కయ్య దిగివచ్చి, ఏదో కబురు చెబుతూ బొత్తాలు పెట్టేసేవారు.

ఏడాది తిరక్కుండా జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ మందు పనిచేయలేదు. అక్కయ్య ల్యాబ్‌లో చేసే పరిశోధన సరిగ్గా దాని గురించే.

"లోపలికెళ్ళిన మందుని కాన్సర్ కణం బయటికి గెంటేస్తోంది తమ్ముడూ. ఆ గెంటడాన్ని ఆపేది ఏ ఆకులోనో, బెరడులోనో ఉందేమోనని చూస్తున్నాం. ఒక బెరడు కాస్త పనిచేసింది."

"అయితే కొంచెం తెచ్చి పెట్టండి. ఎవరికీ చెప్పను."

"పనిచేసింది గాజు పళ్ళెంలో పెంచే కణాల మీద. మనిషికి ఏం చేస్తుందో తెలీదు. తెలియంది నా చేత్తో ఎలా ఇవ్వను?"

నేను వెళ్ళిపొమ్మని తలుపు చూపించాను. లోపల్నుంచి నా భార్య పిలిచింది. "అక్కయ్యా, ఇలా రండి. ఆ మందు నేనుండగా వస్తుందా?"

అక్కయ్య మంచం మీద కూర్చున్నారు. "రాదమ్మా," అన్నారు.

ఆ సాయంత్రం నా భార్య నాతో అంది: "అందరూ తగ్గిపోతుందంటున్నారండీ. ఆవిడొక్కరే నాతో నిజంగా మాట్లాడారు." ఆ తర్వాత రోజూ వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. తనకు ఉన్న భయమంతా అక్కయ్యతోనే చెప్పుకుంది. చివరి రోజుల్లో ప్రశాంతంగా నిద్రపోయేది.

తను పోయిన కొన్నాళ్ళకు అక్కయ్య నా దగ్గరికొచ్చారు. "ఆ బెరడు ఎలకలకిచ్చి చూశాం. పనిచేసేంత డోసు ఇస్తే ఎలకలే చచ్చిపోతున్నాయి. ఈ మాట నేనే చెప్పాలని వచ్చాను." ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాఫీ కలిపి ఇచ్చాను.

"మరి ఇప్పుడేం చేస్తారు?"

"ఇంకో మొక్క చూస్తాం."

ఆ ఆదివారం మంచు బాగా పడింది. కార్ స్టార్ట్ కాక, అక్కయ్య నడిచి బయలుదేరడం కిటికీలోంచి చూశాను. ల్యాబ్‌లో పెంచే ఆ కణాలకు సెలవు రోజైనా ఆహారం వేయాలి, లేకపోతే చచ్చిపోతాయి. బూట్లలో దోపుకున్న చీర కుచ్చిళ్ళు, పైన పెద్ద కోటు. ఇంకా ఎవరూ తొక్కని మంచులో దారి చేసుకుంటూ, ఆవిడ ల్యాబ్ వైపు వెళ్ళిపోతున్నారు.