ఎడమ సూది

ఆ సందులో ఆవిడ అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. ముడులమ్మ ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం మెట్ల కింద చెప్పులు కుట్టే ఆయన దగ్గర్నుంచి నీళ్ళ డబ్బాలు వేసే ఆయన దాకా అందరూ వేలు పెట్టి చూపిస్తారు. మనసులో ముడులున్న మనిషేమో అనుకునేరు, అంత లోతేం లేదు. దారం ముడులే. ఆ పేరు పెట్టింది కూడా పరాయివాళ్ళెవరూ కాదు, సొంత తోడికోడలు. పెట్టిన మనిషి పోయింది, పేరు మిగిలింది.

రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. ఈ రెండు కొప్పులు మాత్రం నల్లగా ఉన్ననాటి నుంచి తెల్లబడేదాకా ఒకే వంటింట్లో, ఒకే కుట్టుగదిలో ఇమిడాయి. అలాగని పోట్లాడుకోలేదని కాదు. పొద్దున్నే పాలగిన్నె దగ్గర మొదలైన తగువు మధ్యాహ్నానికి కత్తెర దగ్గరికి వచ్చేది. సాయంత్రం టీ దగ్గర ఎవరు ముందు మాట్లాడాలా అని ఇద్దరూ గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్ళు. ఎప్పుడూ పెద్దావిడే ముందు మాట్లాడేది. "చక్కెర సరిపోయిందా?" అంతే, తగువు తీరిపోయేది. ముడులమ్మ ఆవిణ్ణి అక్కా అనే పిలిచేది.

కుట్టుగదిలోని ఓవర్‌లాక్ మిషను అక్క తెచ్చింది. బట్ట అంచుని కత్తిరిస్తూ, పోగులు లేవకుండా నాలుగు దారాలతో చుట్టుకుంటూ పోయే మిషను అది. చూడ్డానికి బుల్లిది, బల్ల మీద పిల్లిలా ఒదిగి కూర్చుంటుంది. దారం ఎక్కించాలంటే మాత్రం తాతలు దిగిరావాలి. రెండు సూదులు పైకి కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి వాటితో పేచీ లేదు. లోపల, ముందు మూత తెరిస్తే, కొక్కేల్లా వంగిన ఇనప చేతులు రెండుంటాయి. వాటిని లూపర్లంటారు. ఒకటి పైది, ఒకటి కిందది. నాలుగింటికీ నాలుగు దారులు, ఒక వరస. ఆ వరస తప్పితే మిషను మాట వినదు.

ఆ వరసని అక్క తన పద్ధతిలో గుర్తుపెట్టుకుంది. పట్టకారుతో దారం కొస పట్టుకుని, ముక్కు మిషనుకి ఆనించి, పాఠంలా చెప్పేది.

"పై లూపర్ మా ఆయన. ఎదురుగానే ఉంటాడు, పిలిస్తే పలుకుతాడు. కింద లూపర్ మీ ఆయన. ఎక్కడ దూరాడో కనపడడు, వెతికి పట్టుకొచ్చి కూర్చోబెట్టాలి. కుడి సూది నువ్వు. ఎడమ సూది నేను. ముందు అన్నదమ్ములిద్దరూ, తర్వాత నువ్వు, ఆఖర్న నేను. మనింట్లో అన్నాలు ఎలాగో ఇదీ అలాగే."

"ఓ రోజు మనమే ముందు కూర్చుంటే ఏమవుతుందట?"

"ఏమవుతుందా? నువ్వు ముద్ద నోట్లో పెట్టుకోగానే మీ ఆయనొచ్చి మంచినీళ్ళంటాడు. నువ్వు లేవాలి. అక్కడ ముద్ద తెగుతుంది, ఇక్కడ దారం తెగుతుంది."

ముడులమ్మ నవ్వేది. నవ్విందే తప్ప నేర్చుకోలేదు. ఆవిడకి అడ్డదారి తెలుసు. రంగు మార్చాల్సి వస్తే పాత దారాన్ని అది చుట్టి ఉన్న కోను దగ్గర కత్తిరించి, కొత్త దారం కొసని దానికి ముడేసి, దారాల బిగువు చూసే టెన్షన్ చక్రాలన్నీ సున్నాకి తిప్పి, అవతలి కొస పట్టుకుని మెల్లిగా లాగేది. పాతది పోతూ పోతూ కొత్తదాన్ని తన దారిలోనే తీసుకొచ్చి అప్పగించేది. సూదుల దగ్గర మాత్రం ముడి కన్నంలో పట్టదు కాబట్టి అక్కడొకసారి కత్తిరించి గుచ్చుకుంటే సరి.

"ఎన్నాళ్ళే ముడులమ్మా, ఇలా ఒకళ్ళ తోక పట్టుకుని తిరుగుతావు? ఒక్కసారి మొదట్నుంచీ ఎక్కించి చూడు" అనేది అక్క.

"నువ్వున్నావుగా" అనేది ఈవిడ.

ఇంట్లో మొదట పెద్దాయన పోయాడు, తర్వాత చిన్నాయన. అన్నదమ్ములు అక్కడా వరస తప్పలేదు. ఆ తర్వాత అక్క తనే వరస తప్పించి ముందెళ్ళిపోయింది. కిందటి వానాకాలం జ్వరమని పడుకుంది, మళ్ళీ లేవలేదు.

అప్పట్నుంచీ ముడులమ్మ ముడులు వేస్తూనే ఉంది. నిజానికి అక్క ఎక్కించిన దారం ఎప్పుడో ఎవరెవరి చొక్కాల్లోనో, లంగాల్లోనో కలిసిపోయింది. కానీ నలుపు వెనక ఎరుపు, ఎరుపు వెనక నీలం, ఒకదాని కొస ఒకటి పట్టుకుని వచ్చినవే కదా అన్నీ. అక్క చెయ్యి ఇంకా మిషన్లోనే ఉందని ఆవిడ నమ్మకం. ఇది ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని కాదు, అనడానికి ఇంట్లో మనిషేదీ?

ఒక్క మనిషికి వండటం ఎంత కష్టమో వండినవాళ్ళకే తెలుసు. ఎంత చిన్న గిన్నె తీసినా మిగులుతుంది. పొద్దున వండింది రాత్రికి, రాత్రి మిగిలింది పొద్దునకి. రెండు కుర్చీలున్న గదిలో ఒకటి మడత బట్టలకి స్టాండయింది. రోజు మొత్తంలో ఆ ఇంటి తలుపు తట్టేది యూనిఫాం దుకాణం నుంచి బట్టల మూట తెచ్చే ఆటో పెద్దాయన ఒక్కడే. ఆయన కూడా "అమ్మా, మూట" అనేసి వెళ్ళిపోతాడు. ఆ రెండు మాటల కోసం ఆవిడ పొద్దుట్నుంచీ చెవులు రిక్కించుకుని ఉంటుందంటే మీరు నమ్మాలి.

అక్క కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది. మంచి పిల్ల. రోజూ ఫోన్ చేసి, "ఇంకెందుకు పిన్నీ ఆ మిషను, ఎవరికైనా ఇచ్చేసి మా ఇంటికొచ్చెయ్" అంటుంది. "మిషను ఆడినన్నాళ్ళూ ఇక్కడే ఉంటానే" అని ఈవిడ జవాబు. ఆ పిల్ల ఇంట్లో ఒక మూల మంచమేసుకుని, ఎవరు పిలుస్తారా, ఎప్పుడు తినమంటారా అని చూస్తూ కూర్చోవడం తలుచుకుంటేనే ఆవిడకి ఊపిరాడదు.

ఆ రోజు మూటలో తెల్లకోట్లు వచ్చాయి. ఆస్పత్రివి. ఆటో పెద్దాయన ఎప్పటిలా వెళ్ళిపోకుండా గడప దగ్గర నసిగాడు.

"రేపు సాయంత్రానికి కావాలన్నారమ్మా. అందకపోతే ఇకమీదట అన్నీ ఫ్యాక్టరీకే పంపేస్తారట. నా మాట కాదు, దుకాణం మేడమ్ మాట."

"ఎందుకందవు? నేనెప్పుడైనా ఆలస్యం చేశానా?" అంది ముడులమ్మ దర్జాగా.

మిషన్లో నీలం దారముంది. తెలుపు కోన్లు నాలుగు నిలబెట్టి ముడులు వేసింది. పెదాలు తడి చేసుకుంటూ, ఫ్యాక్టరీ మాటే తలుచుకుంటూ, మూడు టెన్షన్ చక్రాలు సున్నాకి తిప్పి నాలుగోది మరిచిపోయింది. కొస పట్టుకుని లాగింది. లోపల ఎక్కడో చిన్న చప్పుడైంది. కింద లూపర్ దారం తెగిపోయి, నీలం తోక ఒకటి చేతిలోకి ఊడొచ్చింది. మిగతా మూడూ బుద్ధిగా తెల్లబడ్డాయి.

సూదుల్లో దారాలు గుచ్చుకుంది. "ఒక్కటేగా" అనుకుని కింద లూపర్ సంగతి చూసింది. మూత తెరిచి, మిషను పక్క చక్రం చేత్తో తిప్పి, దాక్కున్న లూపర్‌ని బయటికి రప్పించి, దారం దారి చూపే, అరిగిపోయిన రంగు చుక్కలు వెతుక్కుంటూ పట్టకారుతో దారం ఎక్కించింది. ఎక్కింది కూడా. గుడ్డపీలిక పెట్టి తొక్కితే రెండంగుళాలు కుట్టి తెగింది. మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ తెగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు దారాన్ని తిట్టింది, కోను మార్చింది. సూదులు మొద్దుబారాయేమోనని కొత్తవి బిగించి, వాటికి దారాలు గుచ్చి, ఆ తర్వాత తెగిన కింద లూపర్‌కి మళ్ళీ ఎక్కించి తొక్కింది. అదే రెండంగుళాలు. మిషన్లు బాగుచేసే ఆయనకి ఫోన్ చేస్తే పెళ్ళికెళ్ళాడట, వారం దాకా రాడట.

"ఏం పాపం చేశానే నీకు?" అని మిషన్నే అడిగింది. పలికేవాళ్ళెవరూ లేరు ఆ ఇంట్లో.

ఎండ కిటికీలోంచి వాలిపోయేసరికి ఆకలి గుర్తొచ్చింది. కంచంలో పొద్దుటి అన్నం పెట్టుకుని కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో ఫోన్ మోగింది. లేచి వెళ్ళి ఎడం చేత్తో అందుకుంది.

"తిన్నావా పిన్నీ?"

"తింటున్నానే."

"ఇంత ఆలస్యంగానా? మిషను ఆడుతోందా?"

"ఆడుతోంది" అంది.

"గొంతేమిటి అలా ఉంది? వచ్చెయ్ పిన్నీ. ఆదివారం మీ అల్లుణ్ణి పంపిస్తాను."

"చూద్దాంలే" అంది. ఆవిడ నోటి వెంట చూద్దాం అనే మాట రావడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేసి కంచం ముందు కూర్చుంటే తినబుద్ధి కాలేదు. కూర్చున్నదాన్ని లేపారు, ముద్ద తెగిపోయింది అనుకుంది. అనుకుని, చెయ్యి కంచంలోనే పెట్టి ఆగిపోయింది.

అక్కడ ముద్ద తెగుతుంది, ఇక్కడ దారం తెగుతుంది.

రెండు సూదులూ దారాలతో కూర్చునే ఉన్నాయి. వాటి తర్వాత కింద లూపర్‌ని తెచ్చి కూర్చోబెడుతోంది తను! మొదట ఆయన కూర్చోవాలి. అంటే సూదుల దారాలు తీసెయ్యాలి. తీసేసి వరస ప్రకారం మళ్ళీ మొదట్నుంచీ రావాలి.

తెలిసింది కదా, లేచి చకచకా చేసెయ్యొచ్చుగా అంటారు మీరు. చెయ్యి కడుక్కొచ్చి మిషను ముందు ఎంతసేపు కూర్చుందో! తీసేస్తే అక్క వేసిన దారి పోతుంది. ఇన్నాళ్ళూ ముడి మీద ముడేసి కాపాడుకుంటూ వచ్చింది అదొక్కటే. అక్క చీరలు ఎవరెవరికో ఇచ్చేసినప్పుడు కూడా ఆవిడకి ఇంత దుఃఖం రాలేదు. కోట్ల మూట వైపు చూసింది, ఆదివారం గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, బట్టని నొక్కిపట్టే మిషను పాదం ఎత్తి, అన్ని దారాలూ లాగేసింది.

మిషను ఖాళీ అయిపోయింది. ముడులమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కవాటా వాళ్ళకి వినపడకుండా ఏడవడం ఆవిడకి అలవాటే. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని పట్టకారు తీసుకుంది.

"రండి బావగారూ" అంది పైకే. పై లూపర్ పిలవగానే పలికింది. "ఇంక మీరెక్కడ?" అని మొగుణ్ణి కేకేసింది. ఆయన బతికున్నప్పుడు ఎంత సతాయించాడో కింద లూపర్ అంతే సతాయించింది. దారం కన్నం దాకా వచ్చి పక్కకి జారడం, ఈవిడ తిట్టడం, మళ్ళీ జారడం. తిట్టగా తిట్టగా ఎక్కింది. తర్వాత కుడి సూది. అది తనే కాబట్టి మర్యాదలేం లేకుండా గుచ్చేసింది.

ఎడమ సూది దగ్గర చెయ్యి ఆగింది.

మూడు దారాలతో కూడా ఈ మిషను ఆడుతుంది. ఎడమ సూది ఊడదీస్తే సరిపోతుంది. కుట్టు సన్నగా వస్తుంది, కోట్లకి చాలు. చీకటి పడేలోపు సగం మూట అయిపోతుంది కూడా. మరలు విప్పే బుల్లి స్క్రూడ్రైవర్ పక్కనే ఉంది. దాన్ని తీసుకుని సూది మీద పెట్టింది కూడా.

ఆఖర్న నేను, అనేది అక్క. మగవాళ్ళు తిని లేచాక చిన్న కోడల్ని కూర్చోబెట్టి వడ్డించి, "ఇంకాస్త వేసుకోవే" అని బతిమాలి, అందరి కంచాలూ తీశాక తను తినేది. గిన్నెలో ఏమైనా మిగిలేదా? మిగలని రోజు ఏం తినేది? ఇన్నేళ్ళ కాపురంలో ముడులమ్మ ఆ గిన్నెలోకి ఒక్కసారి తొంగి చూడలేదు. తిని, చెయ్యి కడుక్కుని, కబుర్లు చెబుతూ ఎదురుగా కూర్చునేది అంతే.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేసింది. నాలుగో దారం కొసని కత్తెరతో వాలుగా కత్తిరించి, పెదాల మధ్య తడి చేసి, మెడ వంచి, ఎడమ సూదిలో గుచ్చింది. ఒక్కసారికే ఎక్కింది. "ఇంక నువ్వు కూర్చో అక్కా" అంది. గుడ్డపీలిక పెట్టి మెల్లిగా తొక్కింది. రెండంగుళాలు దాటింది. పీలిక అయిపోయినా నాలుగు దారాలూ కలిసి సన్నటి జడలా అల్లుకుంటూ మిషను వెనక్కి పోతూనే ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం ఆటో పెద్దాయన వచ్చి మూట ఎత్తుకుంటూ లోపలికి తొంగి చూశాడు.

"చుట్టాలొచ్చారా అమ్మా? నిన్న ఇటుగా పోతుంటే మాటలు వినపడితేనూ..."

"ఎవరూ లేరయ్యా. అప్పుడు దారం ఎక్కిస్తున్నాను."

ఆయన ఈసారి తెచ్చిన మూటలో ఆకుపచ్చ చొక్కాలున్నాయి. తెలుపుకి ఆకుపచ్చ ముడేసి లాగితే ఇట్టే అయిపోయే పని. పేరు ముడులమ్మే గానీ, ఆ రోజు నుంచీ ఆవిడ ముడి వెయ్యలేదు. రంగు మారినప్పుడల్లా అన్నీ తీసేసి, మొదట బావగారినీ, తర్వాత మొగుణ్ణీ, తర్వాత తననీ కూర్చోబెట్టి, ఆఖర్న అక్కకి వడ్డించి అప్పుడు తొక్కుతుంది. దండగ పనే. కానీ అంతసేపూ ఆ ఇంట్లో నలుగురుంటారు.